బంగారు తీగకు వేరెక్కడ?

ముందుగా ఆ బొజ్జగణపయ్యకు ఒక దండం పెట్టుకుందాం. ఈ కథలో ఆయనకూ వాటా ఉంది గనుక ఆ దండం ఊరికే పోదు. పెట్టుకున్నారా? వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా? సరే, ఇక చెవులు ఇటు పడేయండి.

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మోదుగకోట, ఉద్దండ భూపతి అనే రాజు ఉండేవాడు. పేరుకు తగ్గ మనిషే. ఆయన తుమ్మితే "చిరంజీవ" అనడానికి ఇద్దరు, ఆవలిస్తే చిటికెలు వేయడానికి ఇద్దరు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవారు. అలాగని చెడ్డవాడు కాదండోయ్. కొబ్బరికాయ లాంటివాడు. లోపల తియ్యటి నీళ్ళున్నాయి, కాని పెంకు పగిలేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

రాజుగారి వెంట నీడలా ఒకడు నడిచేవాడు. పేరు ఎల్లమంద. పని అడపం మోయడం. అడపమంటే తాంబూలపు పెట్టె. లేత తమలపాకులు, వక్కలు, సున్నం, ఏలకులు అన్నీ అందులో ఉండేవి. రాజుకు ఎప్పుడు ఆకు కావాలో ఎల్లమందకు తెలుసు. ఎప్పుడు మాట కావాలో అంతకన్నా బాగా తెలుసు. రాజుగారి నోట్లో తాంబూలం పడ్డాకే అసలు మాట ఎత్తాలనేది అతడి సూత్రం. నోటినిండా ఆకున్న మనిషి మధ్యలో అడ్డు తగలలేడు గదా!

ఇక రాణివాసం ముందు ఒక పెరడు ఉంది. మధ్యలో గరికతో పెంచిన పచ్చిక. ఒక పక్కన పందిరి, దాని మీద సన్నజాజి. ఆ జాజిని రాజుగారి తల్లి తన చేత్తో నాటింది. పందిరి వేసినవాడు తోటమాలి బాలన్న. ఆ తల్లీ లేదు, బాలన్నా లేడు. బాలన్న పెళ్ళాం అంకమ్మ మాత్రం పెరటి మూల గుడిసెలో ఉంటూ, ఆ జాజిని కన్నబిడ్డలా చూసుకునేది.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. వినాయక చవితి నాడు స్వామికి ఇరవై ఒక్క రకాల పత్రి పెడతాం గదా? వాటిలో జాజి ఆకునూ గరికనూ రాజే, సొంత పెరట్లోంచే, తన చేత్తోనే కోసుకురావాలి. కొన్నవి పనికిరావు. ఇంకొకరు కోసి తెచ్చినవీ పనికిరావు. ఏడు తరాలుగా అదే నియమం.

ఒక జ్యేష్ఠ మాసంలో ఉద్దండ భూపతి తన బావమరిది కోటకు చుట్టపుచూపుగా వెళ్ళాడు. అక్కడ ఆయన పచ్చిక చూశాడు. పట్టుతివాచీ పరిచినట్టుంది!

"చవితికి మీ ఇంటికే వస్తున్నాగా బావా, మీ పెరడు కూడా చూడాలి," అన్నాడు బావమరిది మీసం సవరించుకుంటూ.

ఆ ఒక్క మాట రాజుగారికి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. తిరుగుదారిలో పల్లకీలోకి ఎల్లమంద మూడుసార్లు తాంబూలం అందిస్తే మూడుసార్లూ వద్దన్నాడు. అలాంటి సమయంలో దారి పక్కన ఒక కంచె మీద సాయంత్రపు ఎండలో తళతళా మెరుస్తూ ఒక తీగ కనిపించింది. ఆకు లేదు, ముల్లు లేదు. పోగులు పోగులుగా అంతా పసిడి రంగే!

"ఆపండి!" అని కేక వేశాడు రాజు. "చూశావా ఎల్లమందా? బంగారు తీగ! రాజుకు తగిన తీగ అంటే ఇదీ!"

ఎల్లమంద చూశాడు. ఆ మెరుపు కింద కంచె మొక్కలు ఎండి కట్టెలై ఉండటమూ చూశాడు. కాని రాజుగారి నోట్లో అప్పుడు తాంబూలం లేదు. అందుకని ఊరుకున్నాడు.

మర్నాడు అంకమ్మకు పిలుపు వచ్చింది.

"అంకమ్మా! తివాచీ అంటే నున్నగా ఉండాలి. మంగళ్ళను పంపిస్తున్నాను. పచ్చికకు నున్నగా క్షౌరం చేస్తారు."

"అయ్యయ్యో, గడ్డికి గుండు గీయిస్తే నేల మాడు మాడిపోదూ ఏలినవారూ?"

"నోర్మూసుకో! ఇక తీగ సంగతి. మా పందిరి మీద కొత్త తీగ పాకాలి. నీకు తెలిసినవేవో చెప్పు, వింటాను."

అంకమ్మ ముఖం వెలిగింది. "చెప్పమంటే చెప్తా ఏలినవారూ. కంచె మీదికైతే శంఖుపూలు వేద్దాం. నీలమూ తెలుపూ కలిసి రోజూ పూజకు పూలే పూలు. సింహద్వారం మీదికైతే రాధామనోహరం. అది బలమైన తీగ, చిన్న పందిరి మీద వేస్తే పందిరినే విరిచేస్తుంది. రాణమ్మగారి కిటికీ దగ్గర జాజి ఉండనే ఉంది. సందెవేళ ఆ వాసనకు—"

"చాలు చాలు!" రాజు చెయ్యి ఎత్తాడు. "ఇవన్నీ ప్రతి పెరట్లో ఉండేవే. నా పెరట్లో కూడా ఇవేనా?"

బంటులు గంప దించారు. అందులో దారిలో తెంపి తెచ్చిన బంగారు తీగ ఉంది. దాన్ని తీసుకెళ్ళి జాజి పందిరి మీద పరిచేశారు.

అంకమ్మ చేతులు జోడించింది. "ఏలినవారూ, మీ కాళ్ళకు మొక్కుతాను. అది తీగ కాదు, దొంగ! ఎక్కిన చెట్టునల్లా—"

"రాజు మెచ్చినదాన్ని దొంగ అంటావా!" రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "అందరూ వినండి! ఇకమీదట బంగారు తీగ గురించి చెడ్డమాట పలికిన నాలుక ఏదైనా సరే, ఈ రాజ్యంలో ఉండటానికి వీల్లేదు!"

అంతే. ఆ రోజునుంచి కోటలో నాలుకలన్నీ పళ్ళ వెనకే దాక్కున్నాయి.

ఆషాఢం వచ్చింది, వానలు పడ్డాయి. గుండు గీసిన పచ్చిక మీద ఎండ నేరుగా పడుతోంది, వానా నేరుగా పడుతోంది. గరిక పాపం కోలుకోలేకపోయింది. ఖాళీ కనిపించిన చోటల్లా తుంగ మొలిచింది. పల్లేరు మొలిచింది. గలిజేరు తనవాళ్ళందరితో వచ్చి దిగింది.

రాజు మండిపడి పాతికమంది బంటులకు పలుగులిచ్చి పంపాడు. వాళ్ళు యుద్ధానికి వచ్చినట్టు కేకలు వేస్తూ తవ్వేశారు. మీలో సేద్యం తెలిసినవాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు! అవును మరి, తుంగకు మట్టిలో గొలుసులా గడ్డలుంటాయి. పలుగుపోటుకు గొలుసు తెగితే, తెగిన గడ్డల్లా ఒక మొక్క. పదిరోజులు తిరిగేసరికి ఒక తుంగ ఉన్నచోట పది తుంగలు లేచి, రాజుగారికి స్వాగతం పలికినట్టు తలలూపాయి.

"ఇదంతా నీ చేతగానితనమే!" అని రాజు అంకమ్మ మీద విరుచుకుపడ్డాడు. "మా బావమరిది చవితికి వస్తున్నాడు. ఆ నాటికి ఈ పెరట్లో ఒక్క కలుపు మొక్క కనిపించినా నీ గుడిసె ఖాళీ చేసి వెళ్ళిపోవలసిందే!"

ఆ మధ్యాహ్నం ఎల్లమంద గుడిసె దగ్గరికి వెళ్ళాడు. అంకమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో గుప్పెడు ఎండిన జాజి ఆకులు.

"ఏమక్కా, అన్నం తిన్నావా?"

"తిన్నాలే తమ్ముడూ. నువ్వొచ్చి కూర్చో."

"తుంగ గురించేనా దిగులు?"

"తుంగకు నేను భయపడతానా!" అంకమ్మకు రోషం వచ్చింది. "గడ్డిని నాలుగు వేళ్ళ ఎత్తు పెరగనిస్తే ఆ నీడకే సగం తుంగ నీరసించిపోతుంది. మిగతా సగం, వాన పడ్డ మర్నాడు పుల్లతో గడ్డకు గడ్డ లేపి పారేస్తాను. ఈ చేతులతో నలభై ఏళ్ళు చేసిన పని అది. కాని ఆ పందిరి మీద ఉన్నది..." అంటూ ఆగి, పెదవులు బిగించింది. "చెప్పకూడదుగా. చెబితే ఈ గుడిసె కూడా ఉండదు."

ఒళ్ళోని ఆకులు సవరిస్తూ మళ్ళీ ఆమే అంది. "చవితికి ఆకు ఉండదు తమ్ముడూ. పెద్దమ్మగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నారో తెలుసా? అంకీ, ఏటా నా జాజి ఆకు స్వామి పాదాల మీద పడేలా చూడవే అన్నారు. నేను ఎక్కడికో పోయి ఎలాగో బతుకుతాను. ఆ మాట పోతుంది, అదీ నా ఏడుపు."

ఎల్లమంద ఒక ఆకు తీసి, ఈనె తీసి, సున్నం రాస్తూ చాలాసేపు ఆలోచించాడు. రాజుకు ఎదురుచెప్పలేడు. చెప్పకుండా ఊరుకోనూలేడు.

"అక్కా, నీ కుడిచెయ్యి బాగానే లేస్తుందా?"

"కాస్త భుజం నొప్పి. లేస్తుంది. ఎందుకూ?"

"లేస్తే చాలు," అని ఆ తాంబూలం ఆమె చేతిలో పెట్టి లేచాడు.

శ్రావణ శుద్ధ ద్వాదశి. రాజుగారు ఉపవాసం విడిచి, కడుపునిండా భోంచేసి, కొలువులో దిండుకు ఆనుకున్నాడు. ఎల్లమంద ఆ పూట తాంబూలం కొంచెం పెద్దదిగా చుట్టాడు. అది నోట్లో పడగానే మాట మొదలుపెట్టాడు.

"మహాప్రభూ, అంకమ్మకు అక్షరం ముక్క రాదు. ఏది కలుపో, ఏది కాదో ఆమె పొరపడితే మాట తమరికి వస్తుంది. కలుపంటే ఇదీ అని తమరే ఒక శాసనం చేస్తేనో? మీ బావమరిదిగారి కోటలో తివాచీ లాంటి పచ్చిక ఉంది. శాసనం మాత్రం లేదు."

రాజు గుటుక్కున రసం మింగాడు. "లేదు కదూ?"

"కోటంతా తిరిగి చూశాను ప్రభూ. ఎక్కడా లేదు."

"ఏడీ రాయసగాడు? తాటాకు తీయమను! రాయి! మేము నాటమనకుండా మొలిచినదల్లా కలుపే!"

"అద్భుతం!" అన్నాడు ఎల్లమంద. "ఒక్క చిన్న సందేహం. రాణివాసం గుమ్మం దగ్గర తులసమ్మ తనంతట తానే మొలిచింది. పీకించమంటారా?"

"అపచారం, అపచారం!" రాజు లెంపలు వేసుకున్నాడు.

"పోనీ తులసిని వదిలేద్దాం. ఏలినవారి మీసం... దాన్ని నాటమని తమరు ఆజ్ఞ ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు."

కొలువులో ఎవరికో నవ్వు ఆగక దగ్గు వచ్చింది. రాజు చప్పున మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "కొట్టెయ్, ఆ వాక్యం కొట్టెయ్! మరి కలుపంటే ఏమిటిరా?"

"మొక్కల సంగతి నాబోటివాడికేం తెలుస్తుంది ప్రభూ? కాని మనుషుల్లో కలుపెవరో తమరికి తెలియనిదా? ఆ కొలతే మొక్కలకు పెడితే సరి."

సరిగ్గా అప్పుడే భోజనశాలలోంచి ఒక గొంతు వినిపించింది. "ఇంకో నాలుగు బూరెలు ఇటు తెండమ్మా! నెయ్యి ధారగా పడాలి సుమా!"

ఆ గొంతు పెద్దిరాజుగారిది. రాణిగారికి వరసకు పినతండ్రి. మూడేళ్ళ కిందట ఒక పెళ్ళికి వచ్చి, ఆ పెళ్ళికూతురికి ఇద్దరు పిల్లలు పుట్టినా ఇంకా వెళ్ళని చుట్టం.

రాజు పళ్ళు పటపటలాడాయి. లేచి నిలబడి మరీ చెప్పాడు. "రాయి! తనకంటూ నేలలో వేరు లేకుండా, పక్కదాని మీద పాకి, దాని తిండి తాను తిని, అది ఎండిపోతుంటే తాను మిసమిసలాడేది ఏదో, అదే కలుపు! కనబడిన క్షణమే పీకి తగలబెట్టాలి!"

"ఆహా! మరి దాన్ని తెచ్చి పెట్టినవాడిని ఏం చేయాలి ప్రభూ?"

ఆ పెళ్ళికి పెద్దిరాజును పిలిచిన దివానుగారి వైపు రాజు ఒక చూపు చూశాడు. దివానుగారు గోడకేసి చూశారు. "తెచ్చినవాడే తన చేత్తో పీకాలి! ఇరవై ఒక్క రోజులపాటు, ఎండినదానికి తానే నీళ్ళు పోయాలి!"

"తెచ్చినవాడు గొప్పింటివాడైతేనో?"

"నా శాసనానికి గొప్పా కొద్దీ లేదు! సాక్షాత్తూ రాజు తెచ్చినా సరే, రాజే పీకాలి! ఆ మాట కూడా రాయి!"

"రాయండి, రాయండి, స్పష్టంగా రాయండి," అన్నాడు ఎల్లమంద వినయంగా. రాజముద్ర పడింది.

మర్నాడు త్రయోదశి. పొద్దున్నే కొలువు కొలువంతా పెరట్లోకి కదిలింది. రాయసగాడు శాసనం చదివాడు. అంకమ్మ కొంగు బిగించి పచ్చికలోకి దిగింది. వాన తడి ఆరని మట్టిలో పుల్ల గుచ్చి, ఒక తుంగను గడ్డతో సహా లేపి, రాజు ముందు పెట్టింది.

"దీనికి వేరుంది," అన్నాడు ఎల్లమంద. "గడ్డ కూడా ఉంది. ఎవరి మీదా పాకలేదు. శాసనం ప్రకారం ఇది కలుపు కాదు ప్రభూ. మొండి పొరుగువాడు, అంతే. గడ్డిని కాస్త ఎదగనిస్తే వాడి సంగతి అంకమ్మే చూసుకుంటుంది."

రాజు కనుబొమలు ముడిచాడు. "తుంగే కలుపు కాకపోతే మరి కలుపేదీ? అంకమ్మా, చూపించు!"

అంకమ్మ పెదవి విప్పలేదు. ఎల్లమంద వైపు ఒకసారి చూసింది. తర్వాత నొప్పి భుజాన్ని నెమ్మదిగా లేపి, జాజి పందిరి కేసి చెయ్యి చాచింది.

పందిరి కింద ఎవరున్నారనుకున్నారు? పెద్దిరాజుగారు! గుంజకు ఆనుకుని జామకాయ కొరుకుతున్నారు. చెయ్యి తనవైపే లేవడం చూసి ఆయన ముఖం తెల్లబోయింది. "నేనా? అల్లుడుగారూ, నేను రేపో ఎల్లుండో బయల్దేరదామనే అనుకుంటున్నాను!" అంటూ జామకాయ వెనక దాచుకుని గబగబా పక్కకు జరిగాడు.

ఆయన జరిగాడు గాని, చెయ్యి జరగలేదు. ఆ వెనక బంగారు తీగ ఎండలో మిసమిసలాడుతూ కనిపించింది.

"నా బంగారు తీగనా!" రాజు గర్జించాడు. "దాన్ని చెడ్డది అనడానికి ఎంత ధైర్యం—"

"ఆమె ఏమీ అనలేదు మహాప్రభూ," అన్నాడు ఎల్లమంద చేతులు జోడించి. "నాలుక కదిలినట్టు ఎవరైనా చూశారా? తమరి ఆజ్ఞ నాలుకకే. చేతికి కాదు."

 ఎల్లమంద తన భుజాన ఉన్న అడపాన్ని తీసి, నెమ్మదిగా నేల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళలో ఆ పెట్టె నేలను తాకడం అదే మొదటిసారి. అతడి భుజం బోసిపోయింది.

"శాసనంలో మొదటి గుర్తు వేరు. తమరు ఆ తీగకు వేరు చూపించండి ప్రభూ. చూపిస్తే ఈ అడపం ఇక్కడే వదిలేసి, అంకమ్మక్కను వెంటబెట్టుకుని పొద్దు గూకేలోగా పొలిమేర దాటేస్తాను."

"చూపిస్తానురా! చూపించకేం!"

రాజు పందిరి దగ్గరికి నడిచాడు. ఒక పసిడి పోగును వేలితో పట్టుకుని దాని వెంటే వెళ్ళాడు. పోగు పైకి పాకింది, చుట్టు తిరిగింది, మళ్ళీ కిందికి దిగింది. నేలదాకా వచ్చిందనుకుంటే జాజి కొమ్మనే చుట్టుకుంది. ఇంకో పోగు పట్టుకున్నాడు. అదీ అంతే. చెమట పట్టింది. తలపాగా తీసి పక్కన పెట్టి, పట్టుబట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. మట్టిలోకి దిగిన పోగు ఒక్కటంటే ఒక్కటి లేదు!

కడకు ఒక పోగును గట్టిగా లాగాడు. దానితోపాటు జాజి తొక్క కూడా ఊడి వచ్చింది. చూస్తే ఆ పోగుకు పొడవునా సన్నని పళ్ళలాంటివి ఉన్నాయి. అవి జాజి ఒంట్లోకి దిగి ఉన్నాయి. నాలుగు ఎండుటాకులు రాలి రాజు ఒళ్ళో పడ్డాయి.

ఆ ఆకులను ఆయన అరచేతిలోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు తల్లి తన చెయ్యి పట్టి ఈ పందిరి కిందికే తెచ్చేది. "గిల్లకు నాన్నా, వేళ్ళతో మెల్లగా కొయ్యి, స్వామికి కదూ," అనేది.

"అంకమ్మా," అన్నాడు. ఆ గొంతులో ఉద్దండం ఏమీ లేదు. "చవితికి... ఒక్క ఆకైనా ఉందా?"

"లేదు నాయనా." ఏలినవారూ అనడం ఆమె కూడా మరిచిపోయింది. "గరిక కూడా అంతే. నెత్తి గొరిగిన గడ్డికి చిగురెక్కడిది? కాని జాజి వేరు బతికే ఉంది. ఆ పోగు అంటిన కొమ్మలన్నీ మోడు దాకా కోసేసి, రోజూ నీళ్ళు పోస్తే, పండగ నాటికి చిగురేస్తుంది. పోసే చెయ్యి కావాలి, అంతే."

రాజు లేచాడు. మోకాళ్ళకు మట్టి. ఎల్లమందకు ఎదురుగా వచ్చి నిలబడి, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఒరే! ఆ శాసనాన్ని నా నోట్లో పెట్టింది నువ్వే కదూ?"

"ఎంతమాట ప్రభూ! నోరు తమరిదే. నేను పెట్టింది తాంబూలం మాత్రమే."

 రాజుగారి మీసం అదిరింది. భుజాలు కదిలాయి. పొట్ట ఊగింది. "ఓరి నీ..." అంటూ ఆయన విరగబడి నవ్వాడు. పాపం, రాజు నవ్వితే ఏం చేయాలో తెలియక ఆవలింతకు చిటికెలు వేసేవాళ్ళు చిటికెలే వేశారు. చూశారా, కొబ్బరికాయ పగిలింది!

"అడపం ఎత్తుకోరా ముందు," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "అంకమ్మా, గుడిసె మీద నేనన్న మాట నేనే మింగేశాను. ఆ కత్తి ఇలా ఇవ్వు. కొమ్మ ఎక్కడ కోయాలో చూపించు."

ఆ పూటే బంగారు తీగను పోగు మిగలకుండా పీకి, కుప్పవేసి తగలబెట్టారు. మంగళ్ళు పచ్చికను వదిలి గడ్డాల దగ్గరికి తిరిగి వెళ్ళారు. రాజు శాసనం ప్రకారం రోజూ పొద్దున్నే బిందె ఎత్తి జాజి మొదట్లో నీళ్ళు పోశాడు. బావిలోంచి తోడి ఇచ్చింది ఎవరనుకున్నారు? పెద్దిరాజుగారే! అడక్కుండానే తాడు అందుకున్నాడు. శాసనం ఆయన కూడా విన్నాడు మరి.

నాలుగో రోజు రాజు నడుం పట్టుకుని అడిగాడు. "అంకమ్మా, నిజం చెప్పు. రాజుకు తగిన తీగ ఏది?"

అంకమ్మ తుంగ గడ్డలు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "తీగకు రాజెవరో తెలియదు ఏలినవారూ. పందిరి ఎంత గట్టిదో, ఎండ ఎంత పడుతుందో, రోజూ నీళ్ళు పోసే చెయ్యి ఏదో, ఆ మూడే దానికి తెలుసు."

 మర్నాడు రాజు కంచె పక్కన శంఖుపూల విత్తనాలు తనే నాటాడు.

భాద్రపద శుద్ధ చవితి వచ్చింది. నీళ్ళు పోయడం మొదలుపెట్టి సరిగ్గా ఇరవై ఒక్క రోజులు! తెల్లవారుజామున రాజు స్నానం చేసి, తడిబట్టతో పెరట్లోకి వెళ్ళాడు. మోడు నుంచి లేచిన కొత్త రెమ్మలకు లేతపచ్చటి ఆకులు, ఇంకా మంచు ఆరలేదు. గిల్లకుండా వేళ్ళతో మెల్లగా కోశాడు. నాలుగు వేళ్ళ ఎత్తు ఎదిగిన పచ్చికలో కూర్చుని చిగురు గరిక ఏరాడు. ఆ రెండూ స్వామి పాదాల మీద పడుతుంటే, తలుపు చాటున అంకమ్మ కళ్ళు ఒత్తుకుంది. విఘ్నాలు తొలగించే స్వామికి తన పత్రికే వచ్చిన విఘ్నం తొలగించడం ఒక లెక్కా చెప్పండి!

పూజయ్యాక బావమరిది పెరడు చూడటానికి వచ్చాడు. అడుగు వేస్తే మడమ మునిగేంత ఒత్తుగా ఉంది పచ్చిక. ఆయన వంకకోసం వెతికి వెతికి, ఒక మూల కనిపెట్టాడు. "బావా, అదిగో, అక్కడ రెండు తుంగ మొక్కలున్నాయే!"

"ఉంటాయి బావా," అన్నాడు రాజు తాపీగా. "పీకుతాం, మళ్ళీ వస్తాయి, మళ్ళీ పీకుతాం. వంగే నడుం ఉన్నంతకాలం వాటితో భయం లేదు."

వంక పనిచేయకపోయేసరికి బావమరిది ఇంకో మాట ఎత్తాడు. "అది సరే, మీ దగ్గర ఏదో బంగారు తీగ ఉందని మా ఊరిదాకా కబురొచ్చింది. నాకు ఒక పోగు ఇవ్వకూడదూ?"

రాజు ఎల్లమంద వైపు చూశాడు. ఎల్లమంద రాజుగారికి తాంబూలం అందించి, బావమరిది వైపు వంగి అన్నాడు.

"తమరు ఏనుగునడిగితే మా ఏలినవారు ఏనుగునిస్తారు. గుర్రమడిగితే గుర్రమిస్తారు. ఆ తీగను మాత్రం ఇవ్వలేరు రాజా. అది శత్రువులకు పంపించవలసిన కానుక!"

రాజుగారికి తాంబూలం నోట్లో ఉండగానే నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు బావమరిది పట్టు ఉత్తరీయం మీద ఎర్రటి చుక్కలు పడ్డాయంటే మీరే ఊహించుకోండి! నవ్వి నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి ఎల్లమంద మెడలో వేశాడు. అంకమ్మ గుడిసె ఉన్నచోట పెంకుటిల్లు కట్టించి, ఆ పెరటి మీద పెత్తనం ఆమెకే రాసి ఇచ్చాడు.

"నీకు ఇంకేం కావాలిరా?" అని ఎల్లమందను అడిగాడు.

"ముత్యాలు నా మెడకు చాలు ప్రభూ. జాజి పూచినప్పుడు మా ఆవిడ జడకు రోజూ ఒక మూర ఇప్పించండి."

ఆ సంవత్సరం జాజి ఎంత పూచిందంటే, ఎల్లమంద పెళ్ళాం జడలోకే కాదు, పెద్దిరాజుగారు చేతికి కూడా దండ చుట్టుకుని తిరిగాడట.

ఇదీ కథ. విన్న మీ పెరళ్ళలో పచ్చిక ఒత్తుగా ఎదగాలి, పందిళ్ళు పూలబరువుకు వంగాలి. ఇంటికి వెళ్ళాక మీ పందిరి మీద ఏదైనా మరీ మిసమిసలాడుతూ కనిపిస్తే, మురిసిపోయే ముందు ఒక్కసారి వంగి దాని వేరు ఎక్కడుందో చూసుకోండి. ఎలాగూ వంగారు గనుక, అక్కడే నాలుగు గరిక పోచలు కోసి గణపయ్య ముందు పెట్టండి.